బడి ఎగ్గొట్టిన బాలుడు, బడిని ఇల్లు చేసుకున్న విద్వాంసుడు: డాన్ చెర్రీ

1970వ దశకంలో స్వీడన్ దేశంలో వెలువడిన జాజ్, ప్రోగ్రెసివ్ రాక్ రికార్డులను వెదకి సేకరించే సంగీతప్రియులు నేటికీ ప్రపంచమంతటా ఉన్నారు. ఆ రికార్డుల వరుసలో తప్పక ఎదురయ్యే పేరు డాన్ చెర్రీ. ఆయన స్వీడన్‌లో పుట్టినవాడు కాడు. అమెరికాలో జన్మించిన ఆఫ్రికన్ అమెరికన్ ట్రంపెట్ విద్వాంసుడు. అయినప్పటికీ స్వీడన్ సంగీత చరిత్రలో ఆ దశాబ్దాన్ని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ఆయనను విడిచి చెప్పడం సాధ్యం కాదు. పేరు ప్రతిష్ఠలు గడించిన జాజ్ విద్వాంసుడు న్యూయార్క్ రాత్రి క్లబ్బులను విడిచి, స్వీడన్ పల్లెలో మూతపడిన ఒక ప్రాథమిక పాఠశాల భవనంలో కాపురం పెట్టి, సంగీతాన్ని వేదిక మీది విద్యగా కాక ఇంటిల్లిపాదీ కలిసి చేసుకునే నిత్యకృత్యంగా మార్చడానికి పూనుకొన్నాడు. ఆ ప్రయత్నం ఎంతవరకు ఫలించింది, దానికి ఎవరెవరు ఏ మూల్యం చెల్లించారు అన్నదే ఆయన జీవితకథలోని సారం.

జననం, బాల్యం

డాన్ చెర్రీ 1936 నవంబరు 18న ఓక్లహోమా సిటీలో జన్మించాడు. తండ్రి ఆఫ్రికన్ అమెరికన్. తల్లి చోక్టా అనే అమెరికా ఆదివాసి తెగ సంతతికి చెందినది. తల్లి పియానో, తండ్రి ట్రంపెట్ వాయించేవారు. తండ్రికి ఆ ఊరిలో చెర్రీ బ్లాసమ్ అనే సంగీత క్లబ్బు ఉండేది. గిటార్ విద్వాంసుడు చార్లీ క్రిస్టియన్ వంటి ప్రముఖులు అక్కడ వాయించారు. 1940లో ఆ కుటుంబం లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ ప్రాంతానికి తరలింది. అక్కడ తండ్రి మరొక క్లబ్బులో మద్యం అందించే ఉద్యోగంలో చేరాడు. ఈ విధంగా ఆ బాలుడు సంగీతం నడుమనే, క్లబ్బుల నీడలోనే పెరిగాడు.

చెర్రీ చదివిన ఉన్నత పాఠశాల ఫ్రీమాంట్. ఆ రోజులలో మంచి సంగీత బృందం ఉన్న పాఠశాల జెఫర్సన్. ఆ బృందంలో వాయించాలన్న తహతహతో ఆయన తన బడి ఎగ్గొట్టి జెఫర్సన్ బడికి పోతూ ఉండేవాడు. గైరుహాజరీ బయటపడింది. దారి తప్పిన పిల్లలను దిద్దే జేకబ్ రీస్ పాఠశాలకు ఆయనను పంపించారు. శిక్షగా చేరిన ఆ బడిలోనే డ్రమ్స్ వాయించే బిల్లీ హిగ్గిన్స్‌తో స్నేహం కుదిరింది. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. పాఠం చెప్పే చోట సంగీతం లేకపోవడం, సంగీతం ఉన్న చోటికి పోతే దండన పడటం ఆ బాలునికి కలిగిన తొలి అనుభవం.

కోల్‌మన్ సాహచర్యం

1950వ దశకం మధ్యలో చెర్రీ, హిగ్గిన్స్‌లకు ఆర్నెట్ కోల్‌మన్ అనే శాక్సఫోన్ విద్వాంసునితో పరిచయమైంది. 1958లో వారి తొలి రికార్డు వెలువడింది. 1959 నవంబరులో ఈ మువ్వురూ, బాస్ వాయించే చార్లీ హేడెన్‌తో కలిసి, న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ క్లబ్బులో వాయించినప్పుడు సంగీత లోకం రెండుగా చీలిపోయింది. కొందరు దానిని నవయుగ ప్రారంభమన్నారు. కొందరు అది సంగీతమే కాదన్నారు.

ఆ వివాదానికి కారణం గ్రహించడం కష్టం కాదు. అంతకుముందు జాజ్‌లో ఒక పాటకు ఆధారమైన స్వరసమూహాల క్రమం ముందుగానే నిర్ణయమై ఉండేది. ఆ చట్రం పదేపదే తిరుగుతూ ఉండగా విద్వాంసుడు దాని మీద తన కల్పన చేసేవాడు. కోల్‌మన్ బృందం ఆ చట్రాన్ని తొలగించింది. దానిని మోసే పియానోను కూడా పక్కన పెట్టింది. పాటలోని స్వరగతినీ, తోటివారి వాద్యాన్నీ వింటూ అప్పటికప్పుడు దారి వెదుక్కోవడమే పద్ధతి అయింది. మనోధర్మ సంగీతానికి అలవాటుపడిన తెలుగు శ్రోతకు ఈ స్వేచ్ఛ వింతగా తోచకపోవచ్చు. అయితే మనకు రాగమనే హద్దు ఉంది. వారు ఆ హద్దును కూడా వాయిస్తూ వాయిస్తూనే గీసుకోవలసి వచ్చింది. కోల్‌మన్ ఎటు తిరిగినా అదే క్షణంలో అటు తిరగగలిగిన తోడుగా చెర్రీ పేరు పొందాడు.

ఆయన చేతిలోని వాద్యం కూడా చూపరులను ఆకర్షించేది. అది పాకిస్తాన్‌లో తయారైన పాకెట్ ట్రంపెట్. సాధారణ ట్రంపెట్‌లో ఎంత పొడవు గొట్టం ఉంటుందో ఇందులోనూ అంతే ఉంటుంది. కాకుంటే బిగువుగా చుట్టలు చుట్టి, అరచేతులలో ఇమిడేటట్లు చేస్తారు. ఎక్కడికైనా సులువుగా వెంట తీసుకొని పోదగిన వాద్యం. తరువాతి కాలంలో ఖండాలు దాటి తిరిగిన మనిషికి తగిన వాద్యమనే చెప్పాలి.

మోకీ పరిచయం

1960వ దశకం ఆరంభంలో కోల్‌మన్ బృందం నుంచి వెలుపలికి వచ్చిన చెర్రీ, సోనీ రోలిన్స్, ఆల్బర్ట్ ఐలర్ వంటి మేటి శాక్సఫోన్ విద్వాంసులతో కలిసి వాయించాడు. రోలిన్స్ బృందంతో 1963లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌కు వెళ్లినప్పుడు మోనికా కార్ల్‌సన్ అనే యువతి పరిచయమైంది. అందరూ ఆమెను మోకీ అని పిలిచేవారు. 1943లో ఉత్తర స్వీడన్‌లో జన్మించిన ఆమె స్టాక్‌హోమ్‌లో దుస్తుల రూపకల్పన విద్య నేర్చుకొంటున్నది. 1964లో ఆమెకు నేనే అనే కుమార్తె కలిగింది. ఆ బిడ్డ కన్నతండ్రి సియెర్రా లియోన్ దేశానికి చెందిన మద్దెల వాద్యకారుడు అహ్మదు జా. చెర్రీ ఆ పాపను తన బిడ్డగానే పెంచాడు. 1968లో చెర్రీ, మోకీలకు ఈగిల్ ఐ అనే కుమారుడు జన్మించాడు.

ఈ మధ్యకాలంలో చెర్రీ 'కంప్లీట్ కమ్యూనియన్' మొదలైన రికార్డులను అమెరికాలోని ప్రసిద్ధ బ్లూ నోట్ సంస్థకు చేసి ఇచ్చాడు. అందులో అనేక చిన్న పాటలను విడివిడిగా కాక దండగా గుచ్చి, ఒకదాని నుంచి మరొకదానికి ఆగకుండా సాగిపోయే పద్ధతిని తెచ్చాడు. కీర్తి వచ్చింది. కాని ఆ కీర్తికి వేదిక రాత్రి క్లబ్బు. మద్యం అమ్మకానికి తోడుగా సంగీతం, తెల్లవారుజాము వరకు పని, చేతికందే దూరంలో మత్తుమందులు. బిడ్డలతో బ్రతకదగిన వాతావరణం అది కాదు. ఇరువురూ వేరొక మార్గం వెదకసాగారు.

ఆనాటి స్వీడన్

1968 నాటికి చెర్రీ స్టాక్‌హోమ్‌లో కార్మిక విద్యా సంఘం ఆధ్వర్యంలో సంగీత శిక్షణ తరగతులు నిర్వహిస్తున్నాడు. అక్కడి యువ జాజ్ విద్వాంసులతో పాటు టర్కీ నుంచి వచ్చి స్థిరపడిన ట్రంపెట్ వాద్యకారుడు మాఫీ ఫలాయ్, తాళవాద్య నిపుణుడు ఓకాయ్ తెమిజ్ ఆయన చుట్టూ చేరారు. టర్కీ జానపద సంగీతంలోని విషమ తాళగతులు ఈ విధంగా ఆయన సంగీతంలోకి వచ్చాయి.

ఆ కాలపు స్వీడన్‌లో ఇటువంటి ప్రయత్నాలకు అనువైన నేల ఉండేది. వయోజనులు చిన్న బృందాలుగా కూడి చదువుకునే సంప్రదాయం అక్కడ పాతది. పట్టణ పాలక సంస్థలు పిల్లలకు సంగీత పాఠశాలలు నడిపేవి. ప్రభుత్వ ధనంతో నడిచే రిక్స్‌కొన్సెర్టర్ అనే సంస్థ పల్లెలకు, బడులకు కచేరీలను చేర్చేది. మరొక ప్రక్క యువతరం వ్యాపార సంగీతాన్ని ధిక్కరిస్తూ సొంత ఉద్యమం లేవదీసింది. 1970లో స్టాక్‌హోమ్‌లోని యార్డెట్ మైదానంలో జరిగిన ఉచిత సంగీతోత్సవాలు దానికి నాంది పలికాయి. ప్రోగ్ అనే పేరుతో పిలువబడిన ఈ ఉద్యమం నుంచి సైలెన్స్ వంటి చిన్న రికార్డు సంస్థలు పుట్టాయి. రాక్, జానపదం, జాజ్ అనే ఎల్లలను ఆ బృందాలు లెక్కచేయలేదు. ప్రోగ్ బృందమైన అర్బేతె ఓక్ ఫ్రీతీద్‌లో డ్రమ్స్ వాయించిన బెంగ్ట్ బెర్గర్ చెర్రీకి సన్నిహితుడు. బెర్గర్ భారతదేశానికి వచ్చి తబలాతో పాటు మృదంగం కూడా అభ్యసించినవాడు. ఆయన సభ్యుడిగా ఉన్న జాజ్ బృందం పేరు 'రేన రామ'. తెలుగు చెవికి ఆ పేరులో రాముడు వినిపించినా, స్వీడిష్ భాషలో అది అచ్చమైన అనే అర్థమిచ్చే నుడికారం.

తోగార్ప్ బడి ఇల్లు

1970లో చెర్రీ అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కొంతకాలం బోధించాడు. అదే సంవత్సరం ఆ దంపతులు దక్షిణ స్వీడన్‌లోని స్కోనె ప్రాంతంలో తోగార్ప్ అనే చోట పాత పాఠశాల భవనాన్ని కొన్నారు. చిన్ననాడు బడి ఎగ్గొట్టి దండన పొందినవాడు ఇప్పుడు బడిలోనే కాపురమున్నాడు. తరగతి గది సాధన గదిగా మారింది. దేశదేశాల విద్వాంసులు వచ్చి రోజుల తరబడి ఉండేవారు. ఇంటి పిల్లలు, ఊరి పిల్లలు, వచ్చిన అతిథులు కలిసి పాడేవారు, వాయించేవారు. చెర్రీ, మోకీలు స్వీడన్‌లోని బడులకు వెళ్లి పిల్లల చేత పాడించేవారు. స్వీడిష్ టెలివిజన్‌లో పిల్లల కార్యక్రమం కూడా చేశారు.

ఈ జీవన విధానానికి రూపురేఖలు దిద్దినది మోకీ. రంగురంగుల గుడ్డ ముక్కలను అతికి కుట్టి ఆమె పెద్ద పెద్ద తెరలు తయారుచేసేది. కచేరీ ఎక్కడ జరిగినా ఆ తెరలను వెంట తీసుకొనిపోయి వేదిక వెనుక వ్రేలాడదీసేవారు. ఏ ఊరి వేదికైనా క్షణాలలో వారి ఇంటి నడవాగా మారిపోయేది. ఇల్లు, వేదిక వేరు వేరు కావన్నది ఆమె విశ్వాసం. వాద్యకారుల దుస్తులు, రికార్డుల అట్టల మీది చిత్రాలు ఆమెవే. కచేరీలో తంబురా పట్టి కూర్చున్నదీ ఆమెయే. వచ్చిన అతిథులకు వండి పెట్టినదీ ఆమెయే.

1971 వేసవిలో స్టాక్‌హోమ్‌లోని ఆధునిక కళా మ్యూజియం ఊహాలోకాలు, భావిదర్శనాలు అనే అంశంపై ప్రదర్శన ఏర్పాటు చేసింది. దానిలో భాగంగా నిర్మించిన గుమ్మటంలో చెర్రీ కుటుంబం బస చేసి ప్రతిదినం సంగీతం సాగించింది. వచ్చినవారు చూచి పోవడం కాదు, కూర్చుని గొంతు కలపడం అక్కడి పద్ధతి.

రెండు రికార్డులు

ఈ కాలానికి ప్రధాన సాక్ష్యం 'ఆర్గానిక్ మ్యూజిక్ సొసైటీ' అనే జంట ఎల్.పి. రికార్డు. 1971, 1972లలో ధ్వనిముద్రణ జరిగిన దీనిని రిక్స్‌కొన్సెర్టర్‌కు చెందిన కాప్రిస్ సంస్థ విడుదల చేసింది. ఇది స్టూడియోలో మెరుగులు దిద్దిన రికార్డు కాదు. కొన్ని భాగాలలో యువ సంగీత విద్యార్థుల పెద్ద బృందం ఉంది. బ్రెజిల్ నుంచి వచ్చిన నానా వాస్కొన్సెలోస్ ఒంటితీగ విల్లువాద్యమైన బెరింబావు వినిపిస్తాడు. రికార్డు ఆరంభంలోనే బ్రెజిల్ దేశపు పూజాగీతం వినవస్తుంది. అమెరికా స్వరకర్త టెర్రీ రైలీ, దక్షిణాఫ్రికా పియానో విద్వాంసుడు డాలర్ బ్రాండ్ కూర్చిన స్వరాలు కూడా ఇందులో ఉన్నాయి. ట్రంపెట్ విద్వాంసుని రికార్డులో ట్రంపెట్ కంటె కంఠస్వరం ఎక్కువగా వినిపించడం గమనింపదగిన విషయం. చెర్రీ ఇక్కడ ప్రధాన కళాకారునిగా కాక, పదిమందిని కూర్చోబెట్టి పాడించే ఇంటి పెద్దగా కనిపిస్తాడు.

తెలుగువారికి ఆసక్తి కలిగించే అంశం మరొకటి ఇందులో ఉంది. ఒక భాగానికి 'మనుష రాగ కాంభోజి' అని పేరు పెట్టారు. కాంభోజి 28వ మేళకర్త హరికాంభోజికి జన్యం. తమిళనాట తిరువయ్యారులో ఉండి తెలుగులో కృతులు రచించిన త్యాగరాజస్వామి తన 'ఓ రంగశాయీ' కృతిని కూర్చినది ఈ రాగంలోనే. చెర్రీ బృందం పాడినది కచేరీ నియమాలకు లోబడిన కర్ణాటక సంగీతం కాదు. ఒక దాక్షిణాత్య రాగం పేరు స్వీడన్ ప్రభుత్వ సంస్థ రికార్డు మీద, బ్రెజిల్ పూజాగీతం సరసన నిలవడమే విశేషం.

రెండవది 1973లో స్టాక్‌హోమ్‌లో ముద్రణ జరిగిన 'ఎటర్నల్ నౌ'. దీనిని సోనెట్ సంస్థ వెలువరించింది. బెంగ్ట్ బెర్గర్, శాక్సఫోన్ విద్వాంసుడు బెర్న్ట్ రోసెన్‌గ్రెన్, క్రిస్టర్ బొథేన్, ఆగ్నేత ఎర్న్‌స్ట్రమ్ ఇందులో పాల్గొన్నారు. బొథేన్ మాలి దేశానికి పోయి వేటగాండ్ర సంప్రదాయానికి చెందిన ఆరు తీగల దొన్సో న్గోని అనే వాద్యాన్ని నేర్చుకొని వచ్చాడు. చెర్రీ దానిని ఆయన వద్ద నేర్చుకొన్నాడు. నల్లజాతి విద్వాంసుడు తన పూర్వికుల ఖండపు వాద్యాన్ని స్వీడన్ దేశీయుని వద్ద శిష్యరికం చేసి నేర్చుకోవడం ఆయన వినయానికి నిదర్శనం. అప్పటి నుంచి ట్రంపెట్‌తో పాటు దొన్సో న్గోని కూడా ఆయన గుర్తు అయింది.

భారతీయ సంగీత సాధన

1970వ దశకం ఆరంభంలో చెర్రీ, అల్లావుద్దీన్ ఖాన్ శిష్యుడైన సరోద్ విద్వాంసుడు వసంత్ రాయ్ వద్ద హిందుస్తానీ సంగీతం అభ్యసించాడు. ఆ సాధన ఫలం 1975 నాటి 'బ్రౌన్ రైస్' రికార్డులో స్పష్టంగా వినిపిస్తుంది. అందులో ఒక భాగం పేరు 'మాల్కౌన్స్'. ఇది మన హిందోళానికి సాటి వచ్చే హిందుస్తానీ రాగం. మోకీ తంబురా శ్రుతి మీద చార్లీ హేడెన్ బాస్ తీగలను నెమ్మదిగా పలికిస్తాడు. ఆ తరువాత చెర్రీ ట్రంపెట్ ప్రవేశిస్తుంది. డ్రమ్స్ వాయించినది దిద్దుబాటు బడి నాటి మిత్రుడు బిల్లీ హిగ్గిన్స్. 1978లో పారిస్‌లో తబలా విద్వాంసుడు లతీఫ్ ఖాన్‌తో కలిసి చెర్రీ చేసిన ధ్వనిముద్రణ 'సంగమ్' అనే పేరుతో 1982లో వెలువడింది. కేవలం ఇద్దరే వాయించిన ఆ రికార్డులో ట్రంపెట్, దొన్సో న్గోని, తబలా ఒకదానిని మరొకటి అణచకుండా సంభాషించుకొంటాయి.

చీకటి కోణం

ఇంతటి వెలుగు వెనుక చీకటి లేకపోలేదు. యౌవనంలోనే అంటుకొన్న హెరాయిన్ వ్యసనం చెర్రీని జీవితాంతం వెన్నాడింది. కొంతకాలం విడిచిపెట్టడం, మరల లోబడటం పరిపాటి అయింది. న్యూయార్క్ నుంచి తోగార్ప్ పల్లెకు రావడంలో ఆ వ్యసనానికి దూరంగా ఉండాలన్న ఆశ కూడా ఉంది. పల్లె కొంత కాపాడింది. కాని కచేరీలకు ఊళ్లు తిరగక తప్పలేదు, తిరిగిన చోటల్లా పాత పరిచయాలు ఎదురయ్యేవి. కుమార్తె నేనే చెర్రీ 2024లో ప్రచురించిన తన ఆత్మకథలో ఈ విషయాన్ని దాచకుండా, ప్రేమ తగ్గకుండా వ్రాసింది.

ఆ భారం ఎక్కువగా మోకీ మీద పడింది. భర్త వ్యసనం, చేతిలో నిలవని ధనం, ఎడతెగని అతిథులు, ఇద్దరు పిల్లలు, వీటి నడుమ ఆమె తన కుట్టుపని సాగించింది. రికార్డుల మీద మొదటి పేరు చెర్రీది. ఆ సంగీతం పుట్టిన ఇంటిని నిలబెట్టిన చేయి మోకీది. ఆ కాలంలో ఆమె పనిని విద్వాంసుని భార్య సరదాగా చేసుకొన్న అలంకరణగా భావించినవారే అధికం. ఆమె కుట్టిన తెరలను స్వతంత్ర కళాఖండాలుగా గుర్తించి మ్యూజియంలు ప్రదర్శించడం బహుకాలం తరువాత, ఆమె మరణానంతరమే విస్తృతమైంది. ఆమె 2009లో మరణించింది.

తరువాతి జీవితం

1970వ దశకం చివర చెర్రీ కుటుంబం న్యూయార్క్‌కు, తోగార్ప్‌కు మధ్య రాకపోకలతో గడిపింది. 1976 నుంచి హేడెన్ మొదలైన పాత మిత్రులతో కలిసి ఓల్డ్ అండ్ న్యూ డ్రీమ్స్ బృందంగా కోల్‌మన్ సంగీతాన్ని మరల వినిపించాడు. సితార్, తబలా నేర్చిన అమెరికన్ కాలిన్ వాల్కాట్, నానా వాస్కొన్సెలోస్‌లతో కొడోనా అనే త్రయం ఏర్పడింది. ముగ్గురి పేర్లలోని తొలి అక్షరాలను కలిపి పెట్టిన పేరు అది. 1978కి, 1982కి మధ్య మూడు రికార్డులు చేసిన ఆ త్రయం 1984లో వాల్కాట్ రోడ్డు ప్రమాదంలో మరణించడంతో ముగిసిపోయింది. బెంగ్ట్ బెర్గర్ ఘనా దేశపు అంత్యక్రియల సంగీతం ఆధారంగా 1981లో ముద్రించిన 'బిట్టర్ ఫ్యూనరల్ బీర్' రికార్డులోనూ చెర్రీ ట్రంపెట్ ఉంది.

తోగార్ప్ బడి ఇంటిలో పెరిగిన పిల్లలు ఇద్దరూ లోకప్రసిద్ధి పొందారు. నేనే చెర్రీ 1988లో 'బఫెలో స్టాన్స్' పాటతో, ఈగిల్ ఐ చెర్రీ 1997లో 'సేవ్ టునైట్' పాటతో పేరు తెచ్చుకొన్నారు. ఈగిల్ ఐ తన తొలి ఆల్బమ్‌కు పెట్టిన 'డిజైర్‌లెస్' అనే పేరు తండ్రి కూర్చిన స్వరానిదే.

కాలేయ వ్యాధితో డాన్ చెర్రీ 1995 అక్టోబరు 19న స్పెయిన్‌లోని మాలగా ప్రాంతంలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 58 సంవత్సరాలు.

నిలిచిన సేవ

దేశదేశాల సంగీతాలను కలిపే రికార్డులు ఆ తరువాత విరివిగా వచ్చాయి. వాటికి ప్రత్యేకమైన పేరు, ప్రత్యేకమైన అంగడి ఏర్పడ్డాయి. ఆ పేరు వాడుకలోకి రాకముందే చెర్రీ ఆ దారిని నడిచాడు. పరాయి వాద్యాన్ని అలంకారంగా తగిలించుకోవడం ఆయన పద్ధతి కాదు. ఆ వాద్యం తెలిసినవారి వద్ద కూర్చుని నేర్చుకోవడం, వారిని ఇంటికి పిలిచి అన్నం పెట్టడం, వారి పాటను తన పిల్లలకు నేర్పడం ఆయన పద్ధతి. ఆ పద్ధతిలో ప్రతిదీ పరిపూర్ణంగా రాలేదు. రికార్డులలో అపశ్రుతులు ఉన్నాయి, తేలిపోయిన ఘట్టాలు ఉన్నాయి. పిల్లల కంఠాలు, కొత్తగా నేర్చినవారి తడబాటు వినిపిస్తాయి. వాటిని తొలగించి ఉంటే ఆ సంగీతం మరింత నునుపుగా ఉండేదేమో గాని, అది ఆ ఇంటి సంగీతం అయి ఉండేది కాదు.

1968 వేసవిలో స్టాక్‌హోమ్ సమీపంలోని ఒక వేసవి విడిదిలో చెర్రీ బృందం చేసిన ముద్రణ, 1972లో ఫ్రాన్సులోని షాతోవల్లోన్‌లో చేసిన కచేరీ 2021లో మొదటిసారిగా విడుదలయ్యాయి. దశాబ్దాల పాటు పెట్టెలలో ఉండిపోయిన ఆ సంగీతాన్ని ఆనాటికి పుట్టని తరం శ్రద్ధగా వింటున్నది. ఆయన జీవితాన్ని తెలియగోరేవారు 'ఆర్గానిక్ మ్యూజిక్ సొసైటీ'తో ఆరంభించడం మేలు. అందులో ట్రంపెట్ కోసం కొంతసేపు వేచి ఉండవలసి వస్తుంది. అంతవరకు వినిపించే కంఠాలను కూడా ఆయన సంగీతంగానే వినాలి.